మోసేవారిని చూచి సంచి కొనండి



ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత గుడి మెట్ల దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ పలకరించి పంపడం నాకు అలవాటు. ఆ సమయంలో వినబడేవి ఎక్కువగా ప్రార్థన అవసరతలే. ఒకరి బిడ్డకు జ్వరం, ఒకరి కుమారునికి ఉద్యోగం, ఒకరి ఇంట తగవు. కాని 2023 ఫిబ్రవరిలో ఒక ఆదివారం సంఘంలోని ఒక పెద్దమ్మ నా దగ్గరకు వచ్చి వేరే సంగతి అడిగింది.

“అయ్యగారూ! మీరు పట్నం వెళ్తుంటారు కదా, మాకు గట్టి సంచులు తెచ్చి పెడతారేటి? తోటలో పిక్కలేరడానికి.”

“అదెంత పనమ్మా, తెస్తాను” అన్నాను. నిజంగా అది ఎంత పనో నాకు అప్పుడు తెలియదు. సంచి అంటే సంచే కదా అనుకున్నాను. అలా అనుకున్నందుకు మా సంఘంలోని పదకొండు కుటుంబాలు నష్టపోయాయి. ఒక సహోదరి నడుము పోగొట్టుకుంది. ఆ తప్పు నాది. వేసవి పంటలు ఏరుకొని బ్రతికే ఇళ్ళు మన సంఘాలలో చాలా ఉన్నాయి గనుక, నాకు జరిగినది మీకు జరుగకూడదని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం. ఒక ప్రక్క సముద్రం, ఒక ప్రక్క కొండలు, మధ్యన ఇసుక నేల. కొబ్బరి, పనస, జీడిమామిడి మా బ్రతుకు. మార్చి నుండి మే వరకు జీడిపండ్లు రాలుతాయి. పండును చెట్టునుండి కోయకూడదు. పండి రాలినదాన్నే ఏరాలి. ఏరి, పండు నుండి పిక్కను మెలిపెట్టి తీసి, సంచిలో వేసుకోవాలి. తెల్లవారుజామున మొదలుపెడితే ఎండ ముదిరేవరకు వంగిన నడుము వంగినట్టే ఉంటుంది. తరువాత ఆ పిక్కలను రెండు మూడు రోజులు ఎండబెట్టి, పలాస, కాశీబుగ్గలలోని షావుకార్లకు తూకం వేస్తారు. అక్కడి కార్ఖానాలలో వాటిని కాల్చి లేక ఉడికించి, పగులగొట్టి, పప్పు తీస్తారు.

మా అమ్మ ఈ పనే చేసి మమ్మల్ని పెంచింది. ఆమెకు ఒకే ఒక గోనె సంచి ఉండేది. మా నాన్న వానకాలంలో ఇంటి వెనుక చెక్కలో గోగు వేసేవాడు. పువ్వు పూసే సమయానికి కోసి, కట్టలు కట్టి, చెరువు నీళ్ళలో రెండు మూడు వారాలు ఊరవేసేవారు. ఆ వాసన ఊరంతా ఉండేది. ఊరిన తరువాత నార ఒలిచి, కడిగి, దండేల మీద ఆరవేసేవారు. ఆ రోజులలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల గోగునార నెల్లిమర్ల, చిట్టివలస జూట్ మిల్లులకు వెళ్ళేది. చిట్టివలస మిల్లు 2009లో మూతపడింది. గోగు వేసేవారు కూడ ఇప్పుడు బాగా తగ్గిపోయారు. మిల్లుకు అమ్మగా మిగిలిన నారతో మా నాన్న త్రాళ్ళు పేనేవాడు. ఆ పురిత్రాడుతోనే అమ్మ తన సంచికి మాసికలు వేసుకొనేది.

పిల్లవానిగా నేను అమ్మను ఒకసారి అడిగాను: “అందరి సంచులూ పెద్దవి కదా, నీదెందుకే ఇంత చిన్నది?” అమ్మ నవ్వి, “సంచి నాను మొయ్యాలి గాని, సంచి నన్ను మొయ్యదు కదరా” అన్నది. ఆ మాట నేను మరచిపోయాను. గుర్తున్నట్టయితే ఈ వ్యాసం వ్రాయవలసిన పని ఉండేది కాదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా తీరాన్ని తాకింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు వేలాది ఎకరాలలో నేలకొరిగాయి. ముప్పై ఏళ్ళ చెట్లు వేళ్ళతో సహా పడిపోయి ఉంటే, వాటి మధ్య నిలబడి ఏడ్చిన పెద్దలను నేను చూచాను. తరువాత అంటు మొక్కలు నాటారు. జీడి అంటు మూడో ఏట నుండి కాపుకు వస్తుంది, నిండుగా కాయడానికి ఇంకా కొన్నేళ్ళు పడుతుంది. అందుచేత 2023 వేసవి మా ఊరికి ఎంతో ఆశ పెట్టుకున్న వేసవి. సంఘంలోని పదకొండుమంది స్త్రీలు కలిసి, రెండు తోటలలో పిక్కలు ఏరడానికి ఒప్పుకున్నారు. దినకూలికి కాదు, ఏరినదానిలో మూడోవంతు తమకు వచ్చేటట్టు. వాళ్ళ జీవితంలో మొదటిసారిగా పంటలో వాటా వాళ్ళది. అందుకే ఆ పెద్దమ్మ సంచులు అడిగింది.

నేను పట్నం వెళ్ళి ఒక కొట్టులో వాడేసిన ప్లాస్టిక్ సంచులు చూచాను. తెల్లగా, గట్టిగా ఉన్నాయి. చేతులతో లాగి చూచాను, చిరగలేదు. ఎరువుల సంచులు ఒక్కొక్కటి 8 రూపాయలు, ధాన్యం పట్టే పెద్ద సంచులు 12 రూపాయలు. పాత గోనె సంచి ధర అడిగితే 35 రూపాయలన్నాడు. నాలుగు ప్లాస్టిక్ సంచుల డబ్బు! నేను ఎరువుల సంచులు 60, పెద్ద సంచులు 20 తీసుకున్నాను. మొత్తం 720 రూపాయలు. ఆటోలో వేసుకొని వచ్చి, గుడి అరుగు మీద దించి, ఎంత లాభంగా తెచ్చానో అందరికీ చెప్పుకున్నాను. వాళ్ళు సంతోషించారు. అయ్యగారు తెచ్చారు గనుక మంచివే అయి ఉంటాయని నమ్మారు.

మొదటి రెండు వారాలు బాగానే గడిచింది. తరువాత ఒక్కొక్కటిగా బయటపడ్డాయి.

మొదటిది, ఎండ. సంచులను తోటలోనే కంచెమీద ఆరవేసి వదిలేసేవారు. కొన్నాళ్ళకు ప్లాస్టిక్ పోగులు పొట్టులాగా రాలడం మొదలుపెట్టాయి. చేతితో పట్టుకుంటే పట్టుకున్నచోటే ఊడివచ్చేది. తోటనుండి ఇంటికి వచ్చే దారిలో ఒక సంచి అడుగు విడిపోయి, పిక్కలు ముళ్ళకంపలలో, ఇసుకలో పడిపోయాయి. ఇద్దరు పిల్లలు చీకటిపడేవరకు టార్చిలైటు వేసుకొని ఏరారు.

రెండవది, చెమ్మ. ఏప్రిల్‌లో ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. ఎండబెట్టిన పిక్కలను గబగబ ఎరువుల సంచులలోకి ఎత్తి, మూతులు కట్టి, గుడి వెనుక గదిలో గచ్చు మీద ఒకదానిపై ఒకటి పేర్చాము. నేనూ చేయి వేశాను. మొత్తం పద్నాలుగు సంచులు. వాటిలో కొన్నింటికి లోపల పల్చని ప్లాస్టిక్ పొర ఉన్నదని ఎవరమూ గమనించలేదు. పిక్కలు పూర్తిగా ఆరలేదని కూడ చూడలేదు. తొమ్మిది రోజుల తరువాత షావుకారు వచ్చి, ఒక సంచి మూతి విప్పి, మోచేతి వరకు చేయి దూర్చి, వెంటనే వెనక్కు తీశాడు. “అయ్యగారూ, లోపల వేడిగా ఉంది” అన్నాడు. క్రుమ్మరించి చూస్తే, పిక్కలు నల్లబడి బూజు పట్టి ఉన్నాయి. మూడు సంచులు పూర్తిగా పనికిరాకుండా పోయాయి. మిగిలిన పదకొండింటికి కిలోకు 15 రూపాయలు తగ్గించాడు. ఆనాటి ధర కిలో 100 రూపాయలు. సంచికి 35 కిలోల చొప్పున లెక్క వేస్తే 16,275 రూపాయల నష్టం. 720 రూపాయల సంచులు చేసిన పని అది. పదకొండు ఇళ్ళకు పంచితే ఇంటికి దాదాపు 1,480 రూపాయలు. అది ఒక ఇంట్లో బిడ్డ స్కూలు ఫీజు, ఒక ఇంట్లో అత్తగారి మందులు.

మూడవది అన్నింటికంటె బరువైనది. నేను తెచ్చిన పెద్ద సంచులు పిగలలేదు. అవి నిజంగానే గట్టివి. ఎంత వేసినా పట్టాయి. ఒక చెల్లెమ్మ, భర్త లేని మనిషి, ఇద్దరు ఆడపిల్లల తల్లి, త్వరగా పని ముగించాలని అరవై కిలోలకు పైగా నింపింది. నెత్తిన చుట్టకుదురు పెట్టుకొని, ఇంకొక ఆమె సాయంతో ఎత్తుకున్నది. ఇసుకలో నాలుగు అడుగులు వేసేసరికి కాలు మెలికపడి కూలబడిపోయింది. సంచికి ఏమీ కాలేదు. ఆమె లేవలేకపోయింది.

ఆరు వారాలు ఆమె మంచం మీద ఉన్నది. డాక్టరుగారు ఇక జీవితంలో బరువులు ఎత్తవద్దన్నారు. నేను చూడడానికి వెళ్ళినప్పుడు ఆ ఇంటి గుమ్మం దాటడానికి నాకు ధైర్యం చాలలేదు. ప్రార్థన చేయబోతే మాట రాలేదు. చివరకు, “అమ్మా, ఆ సంచులు తెచ్చింది నేను” అన్నాను.

ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. “మీరేటి సేత్తారు అయ్యగారూ! సంచి గట్టిదని నింపీసినాను. సంచి గట్టిదైతే మోసేది గట్టిదైపోద్దేటి?” అన్నది.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మా అమ్మ చెప్పిన మాట ముప్పై ఏళ్ళ తరువాత మరొక తల్లి నోట విన్నాను.

ఆ మరుసటి ఆదివారం సంఘం ఎదుట నా తప్పు ఒప్పుకున్నాను. నష్టం నా జీతంలోనుండి నెలనెలా తీర్చుతానని చెప్పాను. సంఘ పెద్దలు సగం సంఘ నిధినుండి ఇస్తామన్నారు. మిగిలిన సగం నేను ఎనిమిది నెలలలో తీర్చాను. డబ్బు తీర్చవచ్చు, నడుము తీర్చలేము గదా. కనీసం మరుసటి వేసవికైనా సరియైన సంచి ఏదో తెలుసుకోవాలని బయలుదేరాను.

కాశీబుగ్గలో ఒక సందులో గోతాలు కుట్టే తాత ఒకాయన ఉన్నాడు. చుట్టూ పాత గోనె సంచుల గుట్టలు, చేతిలో దబ్బనం. యాభై ఏళ్ళుగా అదే పని. నేను పాస్టరునని చెప్పి, జరిగినదంతా దాచకుండా చెప్పాను. ఆయన విని, “సంచి కొనడానికి వచ్చినోళ్ళు దర అడుగుతారు గాని, ఏటి మోత్తారో, ఎవరు మోత్తారో ఎవరూ చెప్పరు బాబూ. మీరు చెప్పినారు, కూకోండి” అన్నాడు. రెండు గంటలు కూర్చున్నాను. ఆయన దగ్గర నేర్చుకున్నదీ, తరువాత వ్యవసాయం తెలిసినవారిని అడిగి తెలుసుకున్నదీ మీకు వివరంగా చెప్పుతాను.

ప్లాస్టిక్ సంచి చెడ్డది కాదు. అది నీళ్ళకు కుళ్ళదు, తేలిక, చవుక. సిమెంటుకు, ఎరువుకు, పశువుల దాణాకు అది చాలు. కాని దానికి ఎండ శత్రువు. ఎండకు తట్టుకొనే మందు కలిపి నేసిన సంచులు కొంతకాలం నిలుస్తాయి గాని, మామూలువి ఒక వేసవి బయట ఉంటే పెళుసెక్కిపోతాయి. పైగా నునుపు గనుక పేర్చితే జారుతాయి. లోపల పొర ఉన్నవాటిలో గాలి ఆడదు. ఊపిరి తీసుకొనే సరుకు ఏదైనా, అంటే పిక్కలు, వేరుశెనగ, చింతపండు, మిరపకాయ, విత్తనాలు, అందులో పెట్టితే చెమర్చుతుంది.

ఎరువుల సంచి, పురుగుమందుల సంచి తినే వస్తువుకు ఎంత మాత్రం వాడరాదు. యూరియా సంచి ఒకప్పుడు 50 కిలోలది, 2018 నుండి 45 కిలోలది. కొలతకు అనువుగా ఉన్నదని మన ఇళ్ళలో దానిలో బియ్యం, పప్పులు పోస్తుంటారు. ఎంత కడిగినా కుట్లలో మందు మిగిలి ఉంటుంది. ఈ సంగతి దయచేసి మీ ఇంటివారికి చెప్పండి.

గోనె సంచి నార గనుక చెమ్మను పీల్చి బయటికి వదులుతుంది. ఎండకు త్వరగా చెడదు. గరుకు గనుక పేర్చితే జారదు. హమాలీ కొక్కెం గుచ్చి తీసినా నార మళ్ళీ దగ్గరకు చేరుతుంది. తిండిగింజలను, పంచదారను గోనె సంచులలో నింపాలని కేంద్ర ప్రభుత్వం 1987లో చట్టమే చేసింది. ఎంత భాగం అన్నది అప్పుడప్పుడు నిర్ణయిస్తుంటారు. కాని గోనెకు తడి శత్రువు. తడిసిన సంచిని తడిగానే మడిచిపెట్టితే నెలలోపల కుళ్ళిపోతుంది. ఎలుకకు కూడ అది ఇష్టమే.

పాత గోనె సంచి కొనేటప్పుడు తాత చెప్పిన పరీక్షలు ఇవి. మొదట సంచిని ఎత్తి సూర్యునికి ఎదురుగా పట్టుకొని లోపలికి చూడాలి. వెలుగు అంతటా సమానంగా సన్నగా రావాలి. చుక్కలు చుక్కలుగా వస్తే అక్కడ నేత తెగినదన్నమాట. రెండవది, తూకం. 50 కిలోల బియ్యానికి ప్రభుత్వం వాడే గోనె సంచి ఒట్టిది 580 గ్రాములు ఉండాలి. అంతకు ముందు 665 గ్రాములు ఉండేది. మరీ తక్కువ తూగితే అది అరిగిపోయిన సంచి. మూడవది, అడుగు మూలలు. బరువంతా ఆ రెండు మూలల మీదనే పడుతుంది గనుక వ్రేలు పెట్టి గట్టిగా నొక్కి చూడాలి. నాలుగవది, మూతి. అంచు మడిచి కుట్టి ఉండాలి, లేకపోతే పోగులు ఊడుతూనే ఉంటాయి. అయిదవది, వాసన. నారను మెత్తబరచడానికి మిల్లులో నూనె, నీళ్ళు కలిపి చల్లుతారు. తిండిగింజల సంచులకు తవుడు నూనె వంటివి వాడతారు. కిరసనాయిలు వాసన గట్టిగా వచ్చినా, మందు వాసన వచ్చినా, ముక్కిపోయిన వాసన వచ్చినా తీసుకోవద్దు. ఉప్పు పోసిన సంచి చెమ్మను లాగుతూనే ఉంటుంది, అదీ వద్దు.

ఇంతవరకు సంచి సంగతి. ఇంతకంటె ముఖ్యమైనది మోసేవారి సంగతి. షావుకారు కొట్టులో జీడిపిక్కల బస్తా అంటే 80 కిలోలు. అది కాటా దగ్గర లెక్క. ఆడవాళ్ళ నెత్తికి అది లెక్క కాదు. వయసులో ఉన్న పురుషుడైనా ఒక్కడే 55 కిలోలకు మించి మోయరాదని, స్త్రీలకు అంతకంటె బాగా తక్కువ ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. మన పొలాలలో ఆ మాట ఎవరు విన్నారు? అందుచేత తాత నాకు ఒక ఉపాయం చెప్పాడు. “జాగర్తగా నింపుకోమని చెప్తే ఎవరూ వినరు. సంచినే చిన్నది చెయ్యి. ఎక్కువ ఎయ్యాలన్నా పట్టదు.”

అది ఎంత మంచి మాటో తరువాత తెలిసింది. 50 కిలోల బియ్యం పట్టే సంచిలో జీడిపిక్కలు నిండుగా పోసినా 35 కిలోలు దాటవు, ఎందుకంటే పిక్కల మధ్య సందులు ఎక్కువ. ఇద్దరు స్త్రీలు చెరొక ప్రక్క పట్టుకొంటే సుళువుగా ఎత్తవచ్చు.

2024 వేసవికి ముందు నేను 40 గోనె సంచులు కొన్నాను, 1,400 రూపాయలు. ఈసారి ఒంటరిగా కొనలేదు. ఏరే స్త్రీలలో ముగ్గురిని వెంటబెట్టుకొని వెళ్ళాను. వాళ్ళు ఒక్కొక్క సంచినీ ఎండకు ఎత్తి చూచి, పద్దెనిమిదింటిని వెనక్కు త్రోసి వేరేవి తీసుకున్నారు. నేను ఒక్కడినే వెళ్ళితే ఆ పద్దెనిమిదీ ఇంటికి తెచ్చి ఉండేవాడిని.

వాటిలో పది సంచులను అడ్డంగా సగానికి కత్తిరించి, ఇరవై చిన్న సంచులు చేశారు. వాటికి పాత నైలాను చీరను నాలుగు మడతలు పెట్టి భుజానికి వేసుకొనే పట్టీగా కుట్టారు. గోనె మెడకు ఒరుసుకోదు, చీర మెత్తగా ఉంటుంది. ఏరేటప్పుడు ఈ చిన్న సంచే భుజాన ఉంటుంది. పదిహేను కిలోలు కాగానే నిండిపోతుంది. చెట్టు క్రింద పరచిన బరకం మీద పోసి మళ్ళీ వెళ్ళాలి. నడక రెండింతలయింది నిజమే. కాని సాయంత్రానికి ఏరినది తగ్గలేదు. మధ్యాహ్నానికే నడుము పట్టేసి కూర్చునేవారు ఇప్పుడు పని ముగిసేవరకు నిలబడుతున్నారు. మిగిలిన ముప్పై సంచులు ఎండిన పిక్కలు నిలువచేయడానికి.

నిలువచేయడంలో కూడ మూడు నియమాలు పెట్టుకున్నాము. పిక్క బాగా ఎండితేనే సంచిలోకి వెళ్ళాలి. గోటితో గట్టిగా నొక్కితే గుంట పడకూడదు, గుప్పెట్లో వేసి కుదిపితే గలగలమనాలి. సంచులను గచ్చుమీద పెట్టకూడదు, క్రింద చెక్క బల్లలు వేయాలి, గోడకు జానెడు ఎడం ఉంచాలి. ప్రతి శనివారం సాయంత్రం సంచులన్నీ దులిపి, ఎండకు ఆరవేసి, పిగిలినచోట మాసిక వేయాలి. చిన్న కన్నమప్పుడే రెండు కుట్లు వేస్తే సరిపోతుంది. వారం ఆగితే జేనెడు గుడ్డ కావాలి.

ఈ మాసికలు వేసేది ఎవరో చెప్పాలి. నడుము దెబ్బతిన్న ఆ చెల్లెమ్మకు వాటా ఇవ్వాలని మిగిలినవారు అనుకున్నారు. ఆమె ఒప్పుకోలేదు. “పని సెయ్యకుండా వాటా ఎందుకు? ఆ దబ్బనం నాకివ్వండి” అన్నది. ఇప్పుడు ఆమె గుడి అరుగు మీద గోడకు ఆనుకొని కూర్చొని సంచులు కుడుతుంది. ప్రక్క ఊళ్ళవారు కూడ తెచ్చి ఇస్తున్నారు. దీనితో అంతా బాగైపోయిందని నేను చెప్పలేను. ఆమె ఇప్పటికీ బిందెడు నీళ్ళు ఎత్తలేదు. పెద్దకూతురు బడికి వెళ్ళేముందు నీళ్ళు మోసి వెళ్తుంది. ఆ పిల్ల బిందెతో ఎదురుపడినప్పుడెల్లా నా గుండె కలుక్కుమంటుంది.

నేను దైవశాస్త్రం చదువుకొన్నాను గాని సంచులను గూర్చి అక్కడ ఎవరూ చెప్పలేదు. అయితే ఇదంతా జరిగిన తరువాత బైబిలు చదువుతుంటే సంచులు ఎన్నిచోట్ల ఉన్నాయో కనబడ్డాయి. ఆదికాండము 42వ అధ్యాయంలో యాకోబు కుమారులు కరవు కాలంలో ఐగుప్తునుండి ధాన్యం తెచ్చుకొన్నారు. ఆ బరువును మోసినది గాడిదలు. త్రోవలో బసచేసిన చోట ఒకడు తన గాడిదకు మేత పెట్టడానికే సంచి విప్పాడు. ఆ సంచి మూతిలో రూకలు కనబడ్డ సంగతి మనం ఎన్నోసార్లు ప్రసంగించాము. మోసిన జంతువుకు ముందుగా మేత పెట్టిన సంగతి నేను ఎన్నడూ గమనించలేదు. హగ్గయి ప్రవక్త కూలివాని కష్టార్జితం కన్నాలు పడిన సంచిలో పడినట్టున్నదని చెప్పాడు. కూలి సొమ్ము ఎలా కారిపోతుందో ఆయనకు తెలుసు. ఆ కన్నాల సంచి మా వాళ్ళ చేతికి ఇచ్చినవాడిని నేనే.

ప్రియులారా, మీలో కొందరు పత్తి తీస్తారు, కొందరు మిరపకాయలు కోస్తారు, కొందరు పరిగె ఏరుతారు, కొందరు అడవిలో చింతపండు, ఇప్పపువ్వు ఏరుతారు, పట్నాలలో కాగితాలు, సీసాలు ఏరుకొని బ్రతికేవారు కూడ మన సంఘాలలో ఉన్నారు. మీ మీ పనికి ఏ సంచి తగినదో నాకంటె మీకే బాగా తెలుసు. నేను చెప్పేది ఒక్కటే. సంచి కొనేవాడు ఒకడు, మోసేవారు మరొకరు అయినప్పుడు జాగ్రత్త! కొట్టు దగ్గర నిలబడినవానికి ధర కనబడుతుంది గాని బరువు కనబడదు. తోట యజమానులారా, సంఘ కాపరులారా, ఇంటి పెద్దలారా, కొనబోయేముందు మోసే మనిషిని అడగండి. వీలైతే వెంటబెట్టుకొని వెళ్ళండి.

మా అమ్మ 2011లో ప్రభువునందు నిద్రించింది. ఆమె సంచి మా ఇంటి అటకమీద ఇంకా ఉన్నది. నిరుడు ఫిబ్రవరిలో దించి, దుమ్ము దులిపి, తాత చెప్పినట్టు ఎండకు ఎత్తి చూచాను. పదిహేడు మాసికలు లెక్కపెట్టాను. ఎక్కడా చుక్క వెలుతురు రాలేదు. ఆ సంచిని తీసుకువెళ్ళి ఆ చెల్లెమ్మకు ఇచ్చాను. ఆమె అటూ ఇటూ త్రిప్పి, కుట్లు తడిమి చూచి, “ఎవరు కుట్టినారో గాని, సేయి తెలిసిన మనిషి అయ్యగారూ” అన్నది. భుజానికి పట్టీ కుట్టి, ఆ వేసవిలో కొత్తగా ఏరడానికి వచ్చిన ఒక చిన్నదానికి ఇచ్చింది. ఆ అమ్మాయి దానితోనే ఇప్పుడు తోటకు వెళ్తున్నది.